ఓర్పు వచనానికి ముందున్న కూలి వచనం

'దేవుని కోసం కనిపెట్టుకొని ఉండండి' అనే మాట మాల మాదిగ గూడేల చర్చిల్లో తరచూ వినిపిస్తుంది. కనిపెట్టుకొని ఉండటమంటే అన్నీ సహించి ఊరుకోవడమేనా?

కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చూద్దాం. తొలకరి వానకూ కడవరి వానకూ కాచుకునే రైతులా ఓపిక పట్టమని 7వ వచనం చెబుతుంది. మేము విన్న ప్రసంగాల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. దానికి ముందు 4వ వచనం ఉంది. చేను కోసినోళ్ల కూలి ఎగ్గొట్టారనీ, ఆ కూలే మొరపెడుతోందనీ, కోతగాళ్ల కేకలు దేవుని చెవిన పడ్డాయనీ అది ధనవంతుల్ని నిలదీస్తుంది. అన్యాయాన్ని అన్యాయమని చెప్పిన నోటితోనే యాకోబు ఓర్పు గురించి చెప్పాడు.

లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు కూడా అంతే. దేవుడికి భయపడని న్యాయాధికారి చుట్టూ తిరిగి తిరిగి తీర్పు తెచ్చుకుంది. విసుగు లేకుండా ప్రార్థించాలని చెప్పడానికి యేసు చూపించింది అడగడం మానని ఈ ఆడమనిషినే.

దళిత క్రైస్తవుల ఎదురుచూపు చాలా పొడుగుది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో వాళ్లకు షెడ్యూల్డు కులాల హోదా దక్కలేదు. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధ దళితులకు 1990లో ఆ హోదా వచ్చింది. హోదాకు మతంతో ముడి తెంచాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా అమలు కాలేదు.

ఇన్నేళ్ల పోరాటంలో డీలాపడకుండా నిలబడే శక్తి ప్రార్థనలో దొరుకుతుంది. అందుకే 7వ వచనం చదివే ప్రతి సభలోనూ 4వ వచనం కూడా చదవాలంటున్నాం.