ఎత్తే బలమైంది

బాస్కెట్ బాల్ ఆటలో పది అడుగుల ఎత్తున ఇనుప వలయం ఉంటుంది. బంతిని అందులో వేయాలి. పొడుగ్గా ఉన్నవాళ్లకు ఇది కలిసొచ్చే ఆట.

ఉల్యానా సెమ్యోనోవా యూరప్‌లోని లాట్వియా దేశపు క్రీడాకారిణి. 1952లో పుట్టింది. ఎత్తు దాదాపు ఏడు అడుగులు! ఆడపిల్లకు ఇంత ఎత్తేమిటి అనుకుంటున్నారా? ఆ ఎత్తే ఆమెకు బలమైంది. ఎత్తుకు తోడు సాధన చేసింది.

అప్పట్లో లాట్వియా సోవియట్ యూనియన్‌లో భాగం. రాజధాని రీగా నగరంలోని టి.టి.టి. జట్టులో ఉల్యానా ఆడింది. ఆ జట్టుతో 11 సార్లు యూరప్ కప్పు గెలిచింది. సోవియట్ జట్టుతో 1976, 1980 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు సాధించింది.

ఇంత పేరొచ్చినా విదేశీ జట్టులో చేరే వీలు లేదు. సోవియట్ ప్రభుత్వం ఒప్పుకునేది కాదు. 1980ల చివర్లో ఆ కట్టడి సడలింది. 1987లో ఉల్యానా స్పెయిన్ వెళ్లింది. అప్పటికే ఆమెకు 35 ఏళ్లు. తర్వాత ఫ్రాన్స్‌లోనూ ఆడింది.

1993లో అమెరికాలోని బాస్కెట్ బాల్ కీర్తి మందిరంలో ఆమెకు చోటిచ్చారు. అమెరికా బయటి మహిళల్లో ఈ గౌరవం మొదట దక్కింది ఆమెకే.

ఆట మానాక ఊరుకోలేదు. కష్టాల్లో ఉన్న పాత క్రీడాకారులను ఆదుకునే సంస్థను లాట్వియాలో నడిపింది.