సముద్రము తెచ్చిన దేవుడు

జపానుదేశమున ఒసాకా, కోబే నగరముల నడుమ నిషినోమియా అను పట్టణము కలదు. అచ్చటి షింటో ఆలయమున ప్రధానముగా పూజలందుకొను దేవుడు ఎబిసు. చేత గాలపుకఱ్ఱ, చంకలో ఎఱ్ఱని తాయి చేప, మొగమంతయు నవ్వు: ఇది ఆయన రూపము. దేశమందలి సుమారు 3,500 ఎబిసు ఆలయములకు ఇదియే మూలస్థానము.

ఈ నవ్వుమొగము దేవుని పుట్టుక మాత్రము నవ్వదగినది కాదు. 712వ సంవత్సరమున కూర్పబడిన 'కొజికి' గ్రంథము ప్రకారము ఇజనగి, ఇజనమి అను ఆదిదంపతులకు తొలుత హిరుకో, అనగా జలగవంటి బిడ్డ, కలిగెను. వారు ఆ శిశువును రెల్లుతెప్పపై నీట విడిచిరి. మనకు కుంతి విడిచిన పెట్టె జ్ఞప్తికి రాకమానదు. గ్రంథము ఆ బిడ్డను అంతటితో మఱచినది, తీరవాసులు మఱవలేదు. అతడు తమ యొడ్డునకే చేరి ఎబిసు ఆయెనని నమ్మిరి.

ఈ నమ్మకము జాలరుల బ్రదుకులో పుట్టినది. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తిమింగిలమును వారు ఎబిసు అనెడివారు. కడలిలో తేలుచు కనబడిన శవమునకును అదే పేరు. దానిని విడిచిపోక పడవలోనికి చేర్చి, సంస్కారము జరిపినచో చేపలు సమృద్ధిగా పడునని వారి విశ్వాసము. దిక్కులేని శవమును ఒడ్డు చేర్చుటకు ఇంతకంటె బలమైన కట్టుబాటు ఏమి కావలెను?

ఆలయకథయు వలతోనే ముడివడియున్నది. నరువో గ్రామపు జాలరి వలలో ఒక విగ్రహము పడెను. అతడు దానిని నీటిలోనికి విసరివేయగా మరల అదే చిక్కెను. ఇంటికి గొనిపోయి పూజింపగా, దేవుడు కలలో కనబడి తన్ను పడమటికి గొనిపొమ్మనెనట.

జపానీయులు కొలుచు సప్తభాగ్యదేవతలలో బెంజైతెన్ మన సరస్వతియే, బిషామొన్‌తెన్ మన వైశ్రవణుడు, దైకొకుతెన్ మహాకాలుడు. ఆ యేడుగురిలో జపానున పుట్టినవాడు ఎబిసు ఒక్కడే. కాలక్రమమున వర్తకులును ఆయనను తమ దేవునిగా స్వీకరించిరి.

1663 నాటి ప్రధానాలయము 1945లో వైమానికదాడికి దగ్ధమయ్యెను. 1961లో దానిని పునర్నిర్మించిరి. ఏటేట జనవరి 9, 10, 11 తేదీలలో ఇచ్చట ఉత్సవము జరుగును. భక్తులు ఆలయమునకు సమర్పింపబడిన పెద్ద ట్యూనా చేపపై నాణెములు అదుముదురు. నాణెము అంటుకొన్నచో ధనము నిలుచునందురు. పదవ తేదీ ఉదయము 6 గంటలకు ఎఱ్ఱద్వారము తెఱచుకొనును. అంతవఱకు చలిలో వేచియున్నవారు సుమారు 230 మీటర్ల దూరము, మలుపులలో జారుచు, పడుచు, గర్భాలయమువైపు పరుగిడుదురు. ముందు చేరిన ముగ్గురు ఆ యేటి భాగ్యపురుషులు.