ప్రాణదాతలైన రక్షకభటులు

ఇటీవల నొక తల్లి మా యింటికి వచ్చి కన్నీరు మున్నీరుగా నేడ్చినది. ఆమె కుమారుడు మత్తుమందులకు లోబడినాడు. "పోలీసువారికి జెప్పిన చెరసాల, చెప్పకున్న శ్మశానము. నేనేమి చేయుదు నమ్మగారూ?" అని యామె యడిగినది. మేము వెంటనే బదులు చెప్పజాలకపోతిమి. మన తెలుగుబిడ్డలు వేలకొలదిగా నున్న అమెరికాలో నెందరో తల్లుల కిట్టి సంకటమే కలిగినది. అచ్చటి రెండు పట్టణముల పోలీసువారు కనుగొనిన మార్గమును నేడు మనవి చేయుచున్నాము.

ఆ దేశమున 2022వ సంవత్సరములో మత్తుమందులు మితిమీరి మరణించినవారు 1,07,000 మందికి పైబడిరి. వారిలో నధికసంఖ్యాకులను బలిగొన్నది ఫెంటనిల్ వంటి కృత్రిమపు మందులు. నల్లమందునుండి తయారగు హెరాయినుకంటె ఫెంటనిల్ ఏబది రెట్లు తీవ్రమైనది. ఇట్టి మందు మితిమీరినప్పుడు, ఊపిరి నడుపు మెదడుభాగము మందగించి, కొద్ది నిమిషములలో శ్వాస నిలిచిపోవును. చెంతనున్న స్నేహితులు సాయము పిలువక పోలీసుభయముచే పారిపోవుదురు. మందు సగము చంపగా భయము తక్కిన సగము చంపును.

మసాచుసెట్సు రాష్ట్రములోని క్విన్సీ పట్టణ పోలీసువారు 2010లో తమ గస్తీభటులకు నలాక్సోన్ అను విరుగుడుమందు నిచ్చిరి. దానిని ముక్కులో చిమ్మినచో, మెదడులో మత్తుమందు పట్టుకొనియున్న స్థానములనుండి దానిని తొలగించి, మరల నూపిరి యాడించును. ఈ విరుగుడు బలము గంట గంటన్నరలో తగ్గిపోవును గాన రోగిని ఆసుపత్రికి జేర్చుట తప్పదు. 2014 నాటికి ఆ భటులు రెండువందలకు పైగా సందర్భములలో ప్రాణములు నిలిపిరి. సహాయమునకై పిలిచినవారిని, మందు దగ్గర నుంచుకొనిన నేరమునకు శిక్షింపరాదని ఆ రాష్ట్రము 2012లో చట్టము చేసినది. మందు నమ్ముకొనువారి కా మన్నన లేదు.

అదే రాష్ట్రమున గ్లాస్టర్ అను జాలరుల పట్టణపు పోలీసువారు 2015 జూను నెలనుండి ఠాణా తలుపునే తెరచిరి. చేతి మందు నప్పగించి సాయము కోరినవారిని బంధింపక చికిత్సకు బంపిరి. మొదటి యేట 376 మంది వచ్చిరి. అందరును బాగుపడి రనుట కాదు. ఈ వ్యసనము మరల మరల తలయెత్తు వ్యాధి. కాని వ్యాధిగ్రస్తుని వేరుగను, విషవర్తకుని వేరుగను చూచుట యచ్చట నారంభమైనది.

మన దేశమున 1985 నాటి మత్తుమందుల చట్టములోను ఇట్టి ద్వార మొకటి కలదు. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై కోరి, ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయమున చికిత్స పూర్తిచేసికొనినచో, 64-ఎ విభాగము వానిని విచారణనుండి కాపాడును. సలహా కొరకు 14446 అను టెలిఫోను సంఖ్యయు గలదు.

ఆ తల్లి మరల వచ్చినప్పుడు మేమీ మాటలే చెప్పితిమి. ఆమె చాలసేపు మౌనముగ నుండి, "అయితే వానిని నేనే తీసికొనిపోయెదను" అని లేచినది. దాచుకొనుచున్న తల్లు లింకెంద రున్నారో! వారి చెవిని ఈ మాట వేయుడని మా ప్రార్థన.