ఎండ తగలాల్సిన లోగుట్టు

పీరియడ్ అండర్‌వేర్‌ను పైపైన చూస్తే చెప్పుకోవడానికి ఏమీ లేదు. నల్లటి లోదుస్తు, అంతే. కుట్టు విప్పితే బయటపడుతుంది అసలు సంగతి. కాళ్ళ మధ్యకు వచ్చే భాగంలో ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పొరలుంటాయి. ఒంటికి ఆనే పొర చెమ్మను తన దగ్గర ఉంచుకోదు, కిందికి దించేస్తుంది. దాని కింద తువ్వాలు నేతలాంటి పీల్చే పొర. అది నూలు కావచ్చు, వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్ కావచ్చు, సన్నటి పాలిస్టర్ పోగులు కావచ్చు. పోగుల మధ్య సందు ఎంత ఇరుకైతే ద్రవాన్ని అంత గట్టిగా లాగుతుంది; దీపం ఒత్తిలోకి నూనె ఎక్కేదీ ఈ లెక్కనే. అట్టడుగున పాలీయూరిథేన్ పొర అతికించిన పలచని గుడ్డ, దాన్నే పొట్టిగా పీయూఎల్ అంటారు. ఆవిరిని బయటికి పోనిస్తుంది, చుక్క నీటిని మాత్రం దాటనివ్వదు.

ఈ అడుగు పొర కుదరడానికే బోలెడు కాలం పట్టింది. గత శతాబ్దం మొదట్లో అమెరికాలో రబ్బరు పూత వేసిన లోదుస్తులు కేటలాగుల్లో అమ్మారు. మరక పడకుండా కాపాడిన మాట నిజమే కానీ గాలి ఆడదు, ఒళ్ళు ఉడికిపోతుంది, వాసన. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు వాడిన సెల్యులోజ్ దూదిని నర్సులు నెలసరికి వాడుకున్నారు. ఆ దూదితోనే 1920లో కోటెక్స్ ప్యాడ్ బజారుకొచ్చింది. కొట్లో మగ గుమాస్తాను అడగలేక ఆడవాళ్ళు వెనక్కి తిరిగిపోతుంటే, కౌంటరు మీద ఒక పెట్టె పెట్టారు: అందులో డబ్బులు వేసి, నోరు మెదపకుండా ప్యాకెట్టు పట్టుకెళ్ళొచ్చు. ప్యాడ్‌ను మించిన ఉపాయం ఆ పెట్టేనని నాకనిపిస్తుంది. ప్యాడ్ జారిపోకుండా నడుముకు కట్టుకునే బెల్టుకు తడి అంటని జేబు కుట్టి, నల్లజాతి మహిళ మేరీ కెన్నర్ 1956లో పేటెంటు పొందారు. కొనడానికి ముందుకొచ్చిన కంపెనీ ఆమె ఒంటి రంగు తెలిశాక వెనక్కి తగ్గింది. 1970 ప్రాంతంలో జిగురు పట్టీ ప్యాడ్లు వచ్చేసరికి బెల్టు మూలన పడింది.

ఆ తర్వాత పీయూఎల్ దొరికింది, లోదుస్తు ఆలోచన మళ్ళీ లేచింది. 2011లో న్యూయార్క్‌లో థింక్స్ అనే కంపెనీ మొదలైంది, ఆ దశాబ్దంలోనే ఆస్ట్రేలియాలో మోడిబోడి. 2015లో న్యూయార్క్ మెట్రో స్టేషన్లలో థింక్స్ ప్రకటనలు పెట్టబోతే, ప్రకటనల స్థలం అమ్మే సంస్థ ‘పీరియడ్’ అన్న మాట దగ్గరే నసిగింది. గుడ్డలో పీఎఫ్‌ఏఎస్ అనే మొండి రసాయనాలున్నాయంటూ తర్వాత కోర్టులో దావా పడింది. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 50 లక్షల డాలర్ల దాకా చెల్లించే రాజీకి 2023లో వచ్చింది. 

ఇంతకీ ఇది ఎంత పీలుస్తుంది? ఇక్కడే కథ రసవత్తరంగా ఉంటుంది. దశాబ్దాల పాటు టీవీ ప్రకటనల్లో ప్యాడ్ మీద పోసింది నీలం నీళ్ళు. పరీక్షల్లో ఎక్కువగా వాడింది ఉప్పునీరు, మామూలు నీరు. కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగనాథం మాత్రం చవక ప్యాడ్ తయారుచేయాలని ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి, గొట్టం పెట్టి, నడుముకు కట్టుకుని తిరిగాడు. ఊరు పిచ్చివాడంది, భార్య కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆయనకే 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పద్ధతి మోటుగా ఉండొచ్చు గానీ, పోయాల్సిన ద్రవమేదో ఆయనకు తెలుసు. అమెరికాలో ఓరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ పరిశోధకులు గడువు దాటిన మనిషి రక్తకణాలతో 21 రకాల వస్తువులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. లోపల పెట్టుకునే డిస్కులో సగటున 61 మిల్లీలీటర్లు పట్టింది. పీరియడ్ అండర్‌వేర్‌లో పట్టింది సుమారు 2 మిల్లీలీటర్లే! నీటికంటే రక్తం చిక్కన. పోగుల్లోకి నిదానంగా ఇంకుతుంది. నెలసరిలో పోయే రక్తం మామూలుగా 30-40 మిల్లీలీటర్లు, 80 దాటితే అధిక రక్తస్రావం కింద లెక్క. కాబట్టి చివరి రోజులకు, ప్యాడ్‌కో మెన్‌స్ట్రువల్ కప్పుకో తోడుగా ఈ లోదుస్తు భేష్. రెండో రోజుకు ఇదొక్కటే చాలనుకుంటే ఇబ్బంది పడతారు.

ఇప్పుడు దీన్ని అరకు ఎక్కిద్దాం. పుట్టిన ఊళ్ళలో దీనికి వాషింగ్ మెషీనుంది, కుళాయి ఉంది, తలుపు వేసుకునే గది ఉంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు పట్టే అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో చాలా ఊళ్ళకు గెడ్డ (కొండవాగు) నీళ్ళే దిక్కు. ఒక విషయంలో ఆ నీళ్ళే మేలు. రక్తంలోని మాంసకృత్తులు వేడి తగిలితే గడ్డకట్టి పోగులను పట్టేస్తాయి, మరక ఇక వదలదు. చల్లటి నీళ్ళలో నానబెట్టి, సబ్బుతో ఉతికి పిండితే పోతుంది. చలికాలం పొద్దున్నే గెడ్డలో చెయ్యి పెట్టినవాళ్ళకు చల్లదనం గురించి వేరే చెప్పక్కర్లేదు.

చిక్కంతా ఆరబెట్టడంలో ఉంది. పాత చీర ముక్కను ఎన్ని మడతలు పెట్టి వాడినా, ఉతికాక విప్పితే ఒకటే పొర. కాస్త గాలి తగిలితే చాలు, ఆరిపోతుంది. ఈ లోదుస్తు పొరలను విడదీయడానికి వీల్లేదు, కుట్టేసి ఉంటాయి. పైకి ఆరినట్టే ఉంటుంది, మధ్యలో చెమ్మ అలాగే ఉంటుంది. పోనీ పొయ్యి పైన వేలాడదీద్దామా అంటే సెగకు అడుగునున్న ప్లాస్టిక్ పొర పాడవుతుంది. అమ్మమ్మల గుడ్డముక్కను నాటు పద్ధతని తీసిపారేసేవాళ్ళు ఈ ఒక్క తేడా దగ్గర ఆగి ఆలోచించాలి.

తడి సంగతి ఊరికే అనడం లేదు. కొండ అవతల ఒడిశాలోనే, భువనేశ్వర్, రూర్కెలా ఆసుపత్రులకు వచ్చిన మహిళల మీద చేసిన అధ్యయనాలున్నాయి. గుడ్డ వాడేవారిలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని 2015లో తేలింది. అదే బృందం 2018లో మరింత లోతుకు వెళ్ళింది. గుడ్డను ఇంటి లోపల ఆరబెట్టే, మరుగుదొడ్డిలో దాచే అలవాటున్నవారిలో క్యాండిడా అనే శిలీంధ్రపు బాధ ఎక్కువ కనబడింది. గుడ్డకే కాదు, దాన్ని దాచే చోటుకు కూడా జబ్బుతో సంబంధం ఉందన్నమాట.

మరి ఎండలో ఎందుకు వేయరు? కొండల్లో పట్టింపులు తెగ తెగకూ, ఊరూరికీ మారతాయి. అన్నిటినీ ఒక గాటన కట్టడం తప్పు. నాకు బాగా తెలిసిన మైదానం సంగతి చెబుతాను. ఆడపిల్ల పెద్దమనిషి అయిందని బంధువులందరినీ పిలుస్తాం, పట్టుచీర కట్టి కూర్చోబెడతాం, వీధి మొగలో ఫ్లెక్సీ కూడా కడతాం. మరుసటి నెల నుంచి అదే పిల్ల గుడ్డముక్కను ఇంకో గుడ్డ కింద దాచి ఆరేసుకోవాలి. ఒడిశా తీరంలో జూన్ నడుమ రజ పండుగ చేస్తారు. భూమికి నెలసరి అని ఆ మూడు రోజులూ నాగలి కట్టరు, ఆడపిల్లలు కొత్త బట్టలతో ఉయ్యాలలూగుతారు. పండుగ చేసుకునే ఊళ్ళలోనైనా తీగ మీద గుడ్డ బాహాటంగా ఆరుతుందన్న హామీ లేదు.

మామూలు లోదుస్తులా కనిపిస్తుంది కదా, సిగ్గు లేకుండా తీగ మీద వేయొచ్చు అనేది అమ్మేవాళ్ళ మాట. మంచి మాటే. కానీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మామూలు లోదుస్తులే తువ్వాలు కింద ఆరుతున్నాయి! మారువేషం వేసుకుని వచ్చిన వస్తువుకు ఆ వేషం కూడా అక్కరకు రాలేదు.

పారేసే ప్యాడ్‌కు ఈ ఆరబెట్టే బాధ లేదు. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ పాఠశాలలు, కాలేజీల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్ల చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. బడి మానకుండా ఉండడానికి అది పెద్ద ఆసరా. అయితే ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది. చెత్త బండి ఎక్కని కొండ ఊళ్ళో దాన్ని పూడ్చాలి, లేదా కాల్చాలి, లేదా గెడ్డ పాలు చేయాలి. తిరిగి వాడే లోదుస్తు మీద ఆశ పుట్టేది ఇక్కడే. ఒక్కోటి కొన్ని వందల రూపాయలుంటుంది, ఒక పిల్లకు కనీసం నాలుగైదు కావాలి. జాగ్రత్తగా వాడితే ఏడాది పైనే మన్నుతాయి.

ఆరబెట్టడం అంటే ఏమిటో ఈ కొండకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అరకు కాఫీ గింజను పరిచి, తిరగేస్తూ, తేమ 11 శాతం దగ్గరకు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటారు. ఆ శ్రద్ధలో కొంత గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లల హాస్టళ్ళకు మళ్ళించవచ్చు. కావాల్సింది పైన వెలుతురు దిగే రేకు, పక్కల గాలి ఆడే జాలీ, లోపల వరసగా తీగలు, పిల్లల చేతిలోనే ఉండే తాళంచెవి. ముందు ఒక్క హాస్టల్లో ఆషాఢం ముసురులో ఆ లోదుస్తు మధ్య పొర ఆరడానికి ఎన్ని గంటలు పడుతుందో కొలిచి చూడాలి. పిల్లకు నాలుగు ఇస్తే సరిపోతాయా, ఏడు కావాలా అన్నది అప్పుడు తేలుతుంది.