ఫిట్స్ మందులు వాడుతున్నారా? నెల తప్పకముందే డాక్టర్‌ని కలవండి

"పిల్లలు కావాలంటే మాత్రలు మానేయాలా?" ఫిట్స్ ఉన్న అమ్మాయిల భయం ఇదే. సొంతంగా మానేయొద్దు. ఫిట్స్ తిరగబెడితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే.

అలాగని అన్ని మందులూ ఒకటి కాదు. అసలు పేచీ వాల్‌ప్రొయేట్‌తో. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి, డైవాల్‌ప్రొయెక్స్ అని ఉన్నా అదే కుటుంబం. అది వాడే తల్లులకు పుట్టే 100 మందిలో దాదాపు 10 మందికి పుట్టుకతోనే లోపాలు ఉంటాయి. మామూలుగా అయితే ఇద్దరు ముగ్గురికే. కొందరికి మాట, చదువు కూడా వెనకబడతాయి. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్‌తో ఈ భయం చాలా తక్కువ.

కానీ మందు మార్చి, అది కుదురుకునేసరికి నెలలు పడుతుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టమేమో మొదటి 4 వారాల్లోనే మూసుకుంటుంది. కిట్‌లో రెండు గీతలు కనిపించేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది! అందుకే కేజీహెచ్ న్యూరాలజీ ఓపీ అయినా, ప్రైవేటు అయినా ముందే వెళ్లాలి. ఫోలిక్ యాసిడ్ కూడా అప్పట్నుంచే, డాక్టర్ చెప్పిన డోసులో. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో లామోట్రిజిన్ తగ్గిపోతుంది, డోసు పెంచాల్సి రావచ్చు. నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి కాబట్టి నైట్ షిఫ్టుల సంగతీ చెప్పండి.

అత్తింట్లో దాచి మాత్ర మింగే అమ్మాయి ఓపీకి ఎలా వెళ్తుంది? మూర్ఛ ఉంటే పెళ్లికి అనర్హులన్న మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. ఈ సంగతి మన పెళ్లిచూపుల దాకా ఇంకా రాలేదు. భర్తను కూడా ఓపీకి తీసుకెళ్లండి. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, చేతిలో తాళాలు పెట్టక్కర్లేదని ఆయనా వింటాడు.