38 పేజీలు ఎటు పోయాయి?

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ పాత గోడపత్రికల స్కాన్లన్నీ ఒకచోట చేర్చే పని నా మీద పడింది. ఇద్దరం రెండు ఫోన్లతో స్కాన్ చేశాం. యాప్ ఒకటే కాబట్టి ఫైళ్ల పేర్లూ ఒకటే: పేజీ 1, పేజీ 2, అలా. నావి 38, నా ఫ్రెండ్‌వి 41. లినక్స్ టెర్మినల్ తెరిచి ముందు నా ఫోల్డర్‌ని, తర్వాత తన ఫోల్డర్‌ని మూడో ఫోల్డర్‌లోకి 'ఎంవీ' కమాండ్‌తో పంపాను. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. తీరా లెక్కపెడితే 79 ఉండాల్సిన చోట 41 ఉన్నాయి. నావి ఒక్కటీ లేదు. చార్టులేమో చెదపట్టాయని అప్పటికే పారేశారు, ఫోన్లోవి నేనే డిలీట్ చేశా.

రీసైకిల్ బిన్‌లో వెతికారా అని చాలామంది అడిగారు. టెర్మినల్‌కి బిన్ ఉండదండీ. అది డెస్క్‌టాప్ వాళ్లు మనకి చేసిపెట్టిన మర్యాద, అంతే.

అసలు జరిగిందేంటంటే, ఫోల్డర్ అనేది హాస్టల్ రిజిస్టర్ లాంటిది. ఒకవైపు పేరు, ఎదురుగా రూమ్ నంబర్. ఆ నంబర్‌నే యూనిక్స్‌లో ఐనోడ్ అంటారు. సామానంతా రూమ్‌లో ఉంటుంది, రిజిస్టర్‌లో కాదు. ఒకే డిస్క్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి ఫైల్‌ని జరిపితే సామాను కదలదు. ఒక రిజిస్టర్‌లో కొట్టేసి ఇంకోదాంట్లో రాస్తారు. అందుకే 4 జీబీ సినిమా అయినా రెప్పపాటులో వెళ్తుంది. అదే పెన్‌డ్రైవ్‌కి పంపితే వేరే హాస్టల్, కాబట్టి మొత్తం కాపీ చేసి ఇక్కడిది చెరిపేయాల్సిందే. జరపడం, పేరు మార్చడం రెండింటికీ ఒకే కమాండ్ ఎందుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. రిజిస్టర్ దృష్టిలో రెండూ ఒకటే పని.

మరి కొత్త రిజిస్టర్‌లో అదే పేరు ముందే ఉంటే? ఎంవీ ఆ పాత వరసని కొట్టేసి దాని చోట కొత్త నంబర్ రాసేస్తుంది. పాత రూమ్‌కి ఇంకే పేరూ లేకపోతే అది ఖాళీ కింద లెక్క. నా 38 పేజీలు అలా ఖాళీ అయ్యాయి. 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఈ కమాండ్ ఉంది. చెప్పింది చేసి నోరు మూసుకోవడం ఆ కాలపు పద్ధతి. మైనస్ ఐ అని చేర్చి ఉంటే అడిగేది, మైనస్ ఎన్ అని చేర్చి ఉంటే పాతదాని జోలికి పోయేది కాదు. రెండు అక్షరాల బద్ధకం నాది.

విండోస్ వాళ్లు నవ్వుకోకండి. అక్కడి 'మూవ్' కమాండ్ మీరు చేత్తో టైప్ చేస్తే అడుగుతుంది గానీ, బ్యాచ్ ఫైల్‌లో పెడితే అడగకుండానే మీద రాసేస్తుంది. 'రెన్' మాత్రం బుద్ధిమంతుడు. ఆ పేరు ముందే ఉంటే కుదరదంటాడు. పైగా స్టార్ డాట్ జేపెగ్ అన్నీ స్టార్ డాట్ జేపీజీ చెయ్యమంటే రెన్ చేసేస్తుంది. లినక్స్‌లో అదే కొడితే పని జరగదు. ఎందుకంటే స్టార్‌ని ఎంవీ చూడనే చూడదు. షెల్ ముందే ఆ స్టార్ చెరిపేసి, దొరికిన ఫైళ్ల పేర్లు పరిచి ఎంవీ చేతికిస్తుంది. ఫోల్డర్‌లో ఒక జేపెగ్, ఒక జేపీజీ మాత్రమే ఉన్నాయనుకోండి, మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. ఇది ల్యాబ్‌లో ఒకసారి చేసి చూడండి, ఉత్తుత్తి ఫైళ్లతో.

ఇంకో చిక్కు వరస జరపడం. ముందు కవర్ పేజీ చేర్చాలని పేజీ 1ని 2గా, 2ని 3గా మార్చాలంటే మొదటి నుంచి మొదలుపెట్టకూడదు, 1 వెళ్లి 2ని చెరిపేస్తుంది. చివరి నుంచి రావాలి. రెండు పేర్లు తారుమారు చెయ్యాలంటే మూడో పేరు కావాలి, ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో టెంప్ వేరియబుల్ పెట్టినట్టే.

ఇప్పుడు నేను వాడేది ఎఫ్2 అనే టూల్. గో భాషలో రాశారు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నాకు నచ్చింది దాని జాగ్రత్త. మైనస్ ఎఫ్ తర్వాత ఏం వెతకాలో, మైనస్ ఆర్ తర్వాత దాని చోట ఏం పెట్టాలో చెప్పి ఎంటర్ కొడితే, ఏ పేరు ఏమవుతుందో పట్టీ వేసి చూపించి ఆగిపోతుంది. చివర మైనస్ ఎక్స్ చేరిస్తేనే నిజంగా మారుస్తుంది. రెండు ఫైళ్లకి ఒకే పేరు వస్తుంటే ముందే చెప్తుంది. చేసినది నచ్చకపోతే మైనస్ యూతో వెనక్కి తీసుకోవచ్చు.

పేర్ల విషయంలో తెలుగువాళ్లం ఇంకాస్త చూసుకోవాలి. కవిత శీర్షికనే ఫైల్ పేరుగా పెట్టడం మన అలవాటు కదా. శీర్షికలో ప్రశ్నార్థకం ఉంటే లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. లినక్స్‌లో ఫైల్ పేరుకి మామూలుగా 255 బైట్ల హద్దు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. 'క్షౌ' మనకి ఒక్క అక్షరమే. లోపల క, పొల్లు, ష, ఔత్వం, మొత్తం పన్నెండు బైట్లు. ఆ లెక్కన 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. నవల పేరుకైతే సరిపోతుంది గానీ, మనవాళ్ల వచన కవితల శీర్షికలకి కష్టమే.

ఇప్పుడు స్కాన్లన్నిటికీ సంవత్సరం, సంచిక, పేజీ నంబర్ వరసలో పేర్లు పెట్టాను. నంబర్లు 001 నుంచి, ఎందుకంటే ఉత్త 1 అని పెడితే చాలాచోట్ల 2 కంటే 10 ముందొస్తుంది. పోయిన 38లో 11 పేజీలు దొరికాయి, అప్పట్లో రాసినవాళ్లు వాట్సాప్ స్టేటస్‌కి తీసుకున్న ఫోటోల పుణ్యాన. ఇంకా 27 ఉన్నాయి. మీదో, మీ సీనియర్లదో గోడపత్రిక పేజీ ఫోటో ఏ పాత ఫోన్లోనైనా ఉంటే క్లబ్ గ్రూప్‌లో పెట్టండి. ఫైల్ పేరు ఏదైనా పర్లేదు, నేను మార్చుకుంటా.