స్వరాజ్ ద్వీపం: అలల అడుగున మరో అరణ్యం

అండమాన్ దీవుల రాజధానికి ఈశాన్యంగా, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో స్వరాజ్ ద్వీపం ఉన్నది. బ్రిటిష్ సేనాని హావ్‌లాక్ పేరిట చిరకాలం పిలువబడిన ఈ దీవికి 2018 డిసెంబరులో నేటి పేరు లభించింది. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేసి 75 సంవత్సరాలు నిండిన సందర్భమది. ఆ రాజధాని పేరు కూడా 2024లో శ్రీ విజయపురంగా మారింది.

దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుండి తరలివచ్చిన శరణార్థులకు ప్రభుత్వం ఇక్కడ పునరావాసం కల్పించింది. గోవింద నగర్, రాధా నగర్, శ్యామ నగర్ వంటి గ్రామాలు అట్లా వెలసినవే. అండమాన్ నికోబార్ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, మలయాళం మాట్లాడేవారు కలిసి జీవిస్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుండి నడిచే ఓడల ద్వారా ఈ దీవులతో తెలుగు తీరానికి ఏర్పడిన అనుబంధం చిరకాలంగా కొనసాగుతున్నది.

వనసంపద

సతత హరితారణ్యాలు, మడ అడవులు ఈ దీవిని కప్పి ఉన్నాయి. పూర్వం దుంగలు లాగేందుకు ఏనుగులను అండమాన్ దీవులకు తెచ్చారు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాల ఫలితంగా కలప నరికివేతకు కట్టుబాట్లు ఏర్పడగా వాటికి ఆ పని తప్పింది. సముద్రంలో ఈదే ఏనుగుగా పేరొందిన రాజన్ 2016లో మరణించేవరకు స్వరాజ్ ద్వీపంలోనే ఉన్నది.

పగడపు దిబ్బలు

అడవి అంచు దాటి నీట మునిగితే మరో అరణ్యం కనిపిస్తుంది. రాళ్లవలె, కొమ్మలవలె తోచే పగడాలు నిజానికి ప్రాణులు. సూక్ష్మమైన ఈ జీవులు సున్నపు గూళ్లు నిర్మించుకొంటూ తరతరాలుగా దిబ్బలను పెంచుతాయి. దిమ్మలవలె ఎదిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. పగడాల దేహంలో నివసించే నాచు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి వాటికి అందిస్తుంది. వాటి రంగుకు ప్రధాన కారణం కూడా ఈ నాచే. సముద్రజలం సాధారణ వేసవి వేడిని మించి ఒక డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అట్లే నిలిస్తే పగడాలు ఆ నాచును విసర్జించి తెల్లబడతాయి. నీరు త్వరగా చల్లబడితే కోలుకొంటాయి, లేనిచో మరణిస్తాయి. 2010 వేసవిలో అండమాన్ పగడాలకు ఈ విపత్తు తీవ్రంగా సంభవించింది. ఆ దిబ్బలే చేపలకు నివాసం, తీరానికి రక్షణ, దీవివాసులలో అనేకులకు జీవనాధారం.

నీటి అడుగున విహారం

సాధారణంగా డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉండి, నీరు తేటగా కనిపిస్తుంది. అనుభవం లేనివారిని సైతం శిక్షకులు వెంట ఉండి, 12 మీటర్ల లోతు మించకుండా, గాలి సిలిండరు సాయంతో లోనికి తీసుకొనిపోతారు. అయితే ఇందులోని శాస్త్రం తెలిసికొనుట అవసరం. పది మీటర్ల లోతున పీడనం ఉపరితలంలోని దానికి రెండింతలు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, అది రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. అందువల్ల శ్వాస నిలపరాదు. పీడనం వల్ల రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా మారకుండా నెమ్మదిగా పైకి రావాలి. ఈ కారణంగానే చివరి మునక తరువాత కనీసం 18 గంటలు విమానయానం చేయకపోవడం క్షేమకరం. ఉబ్బసం, హృద్రోగం, చెవి వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

సందర్శకుల బాధ్యత

సముద్రజలం వేడెక్కడాన్ని ఒక్క సందర్శకుడు ఆపలేడు. కాని ఒక్క కాలు మోపడంతో విరిగిన కొమ్మ తిరిగి పెరగడానికి సంవత్సరాలు పడుతుంది. అప్పటికే వేడిమితో కృశించిన దిబ్బకు ఈ గాయం మరింత భారం. పగడాలను తాకరాదు, వాటిపై నిలబడరాదు, పడవ లంగరును వాటిపై వేయరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ పొందిన ఈ పగడాలను జ్ఞాపికగా ఇంటికి తీసుకొనిపోవడం నేరం. శిక్షకుని ఎంచుకొనేటప్పుడు రుసుముతోపాటు, పడవను ఎక్కడ కట్టివేస్తారో, ఒక్కొక్కరి వెంట ఎందరిని దింపుతారో కూడా విచారించడం మంచిది. ఆ రెండు ప్రశ్నలూ అతిథి ప్రాణానికీ, పగడాల ప్రాణానికీ సంబంధించినవే.